ఘుంగ్రూ గుర్తుంది, కలం మరిచిపోయాం

పోయిన నెలలో ఒకరోజు మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి నా పక్కన కూర్చుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. వార్షికోత్సవానికి అందరినీ ఏదో ఒక ఐటమ్ చెయ్యమన్నారట. ఈమె వంతు వచ్చేసరికి, "నీకు ఉర్దూ బాగా వచ్చు కదమ్మా, పాకీజా పాట ఒకటి పెట్టి ముజ్రా చెయ్యి. ఊరికే ఆదాబ్ చేసినా చాలు, హాలు మోగిపోతుంది" అన్నారట ఒక మేడమ్. ఆమె చెడ్డ నియ్యత్‌తో అనలేదు, ముచ్చటపడే అన్నారు. అందుకే మా అమ్మాయికి కోపం కూడా సరిగ్గా రాలేదు.

"అబ్బా, ఉర్దూ అనంగానే వాళ్లకు అదొక్కటే ఎందుకు యాదికొస్తది?" అని అడిగింది.

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఎందుకంటే ఆ 'అదొక్కటి' మీద నాకే రెండు మనసులున్నాయి. నల్గొండలో మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో 'పాకీజా' వచ్చింది. ఘుంగ్రూ చప్పుడు వినిపించగానే మా నానీమా లేచి వచ్చి టీవీ కట్టేసింది. "షరీఫోంకే ఘర్‌మే యే సబ్ నక్కో" అంది. మేం మొహాలు వేలాడేసుకుని బయటికి పోయాం. మర్నాడు పొద్దున అదే నానీమా చాటలో బియ్యం ఏరుతూ, అదే సినిమా పాట ఒక్క లఫ్జ్ తప్పకుండా కూనిరాగం తీసింది. అల్లాహ్ ఆమె మగ్‌ఫిరత్ చేయుగాక. షరమ్, మొహబ్బత్ రెండూ ఒకే మనిషిలో, ఒకే పాట మీద ఎలా ఉంటాయో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. బిడ్డకు చెప్పిందే ఇక్కడ మీకూ చెప్తాను.

పదహారేళ్లు పట్టిన సినిమా

'పాకీజా'ను కమాల్ అమ్రోహీ 1956లో మొదలుపెట్టాడు. విడుదలైంది 1972 ఫిబ్రవరి 4న. ఈ మధ్యలో ఒక తరమే గడిచిపోయింది. బ్లాక్ అండ్ వైట్‌లో మొదలైన సినిమా రంగుల్లోకి, సినిమాస్కోప్‌లోకి మారింది. 1964లో కమాల్, మీనాకుమారి విడిపోయారు, షూటింగ్ ఆగిపోయింది. బాంబే టాకీస్ కోసం జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కెమెరామన్ జోసెఫ్ వర్షింగ్ 1967లో పోయాడు. పాటలు కట్టిన గులామ్ మొహమ్మద్ 1968లో పోయాడు, మిగిలిన సంగీతం నౌషాద్ పూర్తి చేశాడు. సునీల్ దత్, నర్గిస్ అప్పటిదాకా తీసిన రీళ్లు చూసి, సినిమా పూర్తి చెయ్యమని ఇద్దరినీ ఒప్పించారు. అప్పటికే మీనాకుమారి జబ్బుతో ఉంది. కష్టమైన నాట్యాలలో దుపట్టా చాటున ఆమెకు బదులు పద్మా ఖన్నా ఆడింది. సినిమా విడుదలైన రెండు నెలలలోపే, మార్చి 31న, మీనాకుమారి కన్నుమూసింది.

కథ మీకు తెలిసిందే. సాహిబ్‌జాన్ ఒక తవాయిఫ్. రైల్లో నిద్రపోతుంటే ఎవరో ఆమె పాదాల అందం మీద చీటీ రాసి పెట్టి పోతాడు. తర్వాత అతనే, సలీమ్, ఆమెకు పాకీజా, అంటే పవిత్రురాలు అని పేరు పెట్టి నికాహ్‌కు తీసుకెళ్తాడు. ఆమె తన బద్‌నామీ అతనికి అంటుకుంటుందని భయపడి వెనక్కి పరుగెత్తుతుంది. చివరికి అతని పెళ్లిలోనే ఆడమని పిలుపొస్తే, పగిలిన గాజు ముక్కల మీద ఆడుతుంది. తెల్లటి పరుపు మీద నెత్తుటి అడుగులు పడతాయి. ఆ అడుగులు మా నానీమా తరం ఆడవాళ్లందరి కళ్లలో మిగిలిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ సినిమాలో సాహిబ్‌జాన్ పాదాలు ఉన్నాయి, కన్నీళ్లు ఉన్నాయి. ఆమె చేతిలో కలం లేదు. ఆ పాత్ర వేసిన మీనాకుమారి, అసలు పేరు మహజబీన్ బానో, స్వయంగా షాయరా. 'నాజ్' అన్న తఖల్లుస్‌తో రాసేది. ఖయ్యామ్ సంగీతంతో తన కవితలు తన గొంతుతోనే చదివి రికార్డు ఇచ్చింది. ఆ రికార్డు ఎంతమందికి తెలుసు? గాజు ముక్కల మీద నాట్యం మాత్రం దేశమంతటికీ తెలుసు. నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. సినిమా మనకు ఆ స్త్రీల ఘుంగ్రూలు దాచిపెట్టింది, కలం మాత్రం పోగొట్టింది.

కొఠా వెనుక తారీఖ్

తవాయిఫ్ అంటే ఇవాళ తిట్టు. ఒకప్పుడు అది ఒక పేషా, ఒక చదువు. అవధ్ నవాబుల లక్నోలో పెద్ద తవాయిఫ్‌లకు గానం, కథక్, ఫార్సీ, ఉర్దూ షాయరీ, మాట మర్యాద అన్నీ చిన్నప్పటి నుంచి తాలీమ్‌లో భాగం. రయీసుల పిల్లలను అదబ్ నేర్చుకోవడానికి వాళ్ల దగ్గరకు పంపేవాళ్లని అక్కడి పెద్దలు చెప్పుకునేవారు. ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. ఈ రంగుల వెనక చీకటి లేదని నేను అనడం లేదు. ఎత్తుకొచ్చిన పిల్లలు, అమ్ముడుపోయిన పిల్లలు, తప్పించుకునే దారి లేని ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. కానీ వాళ్లలో సొంత సంపాదన, సొంత సంతకం ఉన్న స్త్రీలు కూడా ఉన్నారన్నది హఖీఖత్.

దీనికి సాక్ష్యం షాయరీలో కాదు, పన్నుల రిజిస్టర్లలో ఉంది. వీణా తల్వార్ ఓల్డెన్‌బర్గ్ అనే చరిత్రకారిణి లక్నో మున్సిపల్ దస్తావేజులు తిరగేస్తే, 1858 నుంచి 1877 దాకా ఉన్న పన్ను లెక్కల్లో అందరికంటే ఎక్కువ పన్ను కట్టే వర్గంలో ఈ ఆడే, పాడే స్త్రీలు కనిపించారు. 1857 తిరుగుబాటుకు సాయం చేశారన్న నేరం మీద ఇంగ్లీషువాళ్లు జప్తు చేసిన ఇళ్ల జాబితాలలోనూ వాళ్ల పేర్లున్నాయి. 1856లో నవాబ్ వాజిద్ అలీ షాను గద్దె దించి కలకత్తా పంపేశారు. పోషించే దర్బార్ పోయింది. 1868లో అంటురోగాల చట్టం వచ్చింది. దాని కింద కళాకారిణికీ, ఒళ్లమ్ముకునే స్త్రీకీ తేడా లేదు. అందరికీ ఒకే రిజిస్టర్, ఒకే వైద్య పరీక్ష. తర్వాత మన సంస్కర్తలు కూడా వాళ్ల నాట్యాన్ని ఇళ్లలో, పెళ్లిళ్లలో మాన్పించడానికి ఉద్యమం నడిపారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ వాళ్లకు వేరే బతుకుదెరువు ఏమిటని అడిగినవాళ్లు తక్కువ.

బతుకుదెరువు కొత్త యంత్రాలలో దొరికింది. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగులు మొదలుపెడితే ముందుకొచ్చి పాడింది గౌహర్ జాన్. మూడు నిమిషాల పాట చివర్లో తన పేరు ఇంగ్లీషులో తానే చెప్పుకునేది. తర్వాత సినిమా వచ్చింది. షరీఫ్ ఇళ్ల ఆడవాళ్లు కెమెరా ముందుకు రాని రోజుల్లో, పాట, ఆట, ఉచ్చారణ తెలిసిన ఈ కుటుంబాల స్త్రీలే తెరను నిలబెట్టారు. జద్దన్ బాయి 1935లో 'తలాష్-ఎ-హఖ్' సినిమాకు స్వయంగా సంగీతం కట్టింది. ఆ సినిమాలోనే బాలనటిగా కనిపించిన ఆమె కూతురు నర్గిస్. అవును, 'పాకీజా' రీళ్లు చూసి సినిమా పూర్తి చెయ్యమన్న నర్గిసే.

నాట్యం కూడా అదే దారిలో వచ్చింది. లక్నో కథక్ ఘరానా ఉస్తాద్ బిందాదీన్ మహారాజ్ దగ్గర తవాయిఫ్‌లు నేర్చుకునేవాళ్లు. ఆయన తమ్ముడు కాల్కా ప్రసాద్ కొడుకు లచ్ఛూ మహారాజ్ బొంబాయి వచ్చి సినిమా నాట్యాలు కూర్చాడు. 'ముఘల్-ఎ-ఆజమ్'లో, 'పాకీజా'లో మనం చూసిన అందం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

అద్దాల మహల్

1960 ఆగస్టు 5న విడుదలైన కె. ఆసిఫ్ 'ముఘల్-ఎ-ఆజమ్' ఎక్కువ భాగం బ్లాక్ అండ్ వైట్. శీష్ మహల్ పాట మాత్రం రంగుల్లో ఉంటుంది. ఒక కనీజ్ షహెన్‌షా ఎదుట, తాను ప్రేమించాను, భయపడను అని ఆడుతూ చెప్తుంది. కప్పులో ఉన్న వందల అద్దాలలో అనార్కలి వందల మందై తిరుగుతుంది. అక్బర్ ఎటు చూసినా ఆమే. హిందుస్తానీ సినిమాలో నాట్యం ఇంత సూటిగా తఖ్త్‌తో మాట్లాడింది తక్కువ. మధుబాల అప్పటికే గుండె జబ్బు మనిషి. 1969లో, 36 ఏళ్లకే పోయింది.

అక్బర్‌నామాలో అనార్కలి పేరు లేదు. ఆ కథను మనకు ఇష్టమైన రూపంలోకి తెచ్చింది 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం. ఆ కథ తెలుగులోకీ వచ్చింది. 1955లో అంజలీదేవి, నాగేశ్వరరావు నటించిన 'అనార్కలి' తీసిన వేదాంతం రాఘవయ్య ఎవరనుకున్నారు? కూచిపూడి భాగవతుల ఇంటి మనిషి. స్త్రీ వేషాలకు పేరుపడ్డ నర్తకుడు. లాహోర్ కనీజ్ కథ కృష్ణా తీరం నాట్యం తెలిసిన చేతుల్లో పడింది. తర్వాత ఎన్టీఆర్ 'అక్బర్ సలీం అనార్కలి' తీస్తే దానికి రాసింది సినారె. ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు కవి అయిన మనిషి. ఉర్దూ స్కూల్లో చదివి తెలుగు డిగ్రీ పట్టిన నాలాంటివాడికి ఆయన పేరు వింటే కొంచెం ధైర్యం.

కలం ఉన్న ఉమ్రావ్

ఘుంగ్రూతో పాటు కలం కూడా చూపించిన సినిమా 1981లో వచ్చింది. ముజఫ్ఫర్ అలీ 'ఉమ్రావ్ జాన్'. మూలం మీర్జా హాదీ రుస్వా 1899లో రాసిన నవల. ఫైజాబాద్‌లో అమీరన్ అనే చిన్నపిల్లను పగతో ఎత్తుకుపోయి లక్నోలో అమ్మేస్తారు. ఆమె ఉమ్రావ్ అవుతుంది, నర్తకి అవుతుంది, 'అదా' తఖల్లుస్‌తో షాయరా అవుతుంది. షహ్‌ర్‌యార్ గజళ్లు, ఖయ్యామ్ సంగీతం, ఆశా భోస్లే గొంతు, కుముదినీ లాఖియా, గోపీకృష్ణ కూర్చిన నాట్యం అన్నీ ఈ పాత్రకు కుదిరాయి. రేఖకు, ఖయ్యామ్‌కు, ఆశాకు జాతీయ అవార్డులొచ్చాయి. రేఖ మన తెలుగు నటి పుష్పవల్లి కూతురే. 1966లో 'రంగులరాట్నం'లో బాలనటిగా కనిపించింది. ఆమె మాతృభాష ఉర్దూ కాదు, కానీ ఆ సినిమా చూసినవాళ్లెవరూ నమ్మరు.

సినిమా చివర ఉమ్రావ్ ఫైజాబాద్ తిరిగి వస్తుంది. పుట్టింటి గడప ఆమెను లోపలికి రానివ్వదు. వెనక్కి వచ్చి, దుమ్ము పట్టిన అద్దం తుడిచి తన ముఖం చూసుకుంటుంది. ఏడుపొచ్చే ముగింపు. నవల అక్కడ ఆగదు. నవలలో ఉమ్రావ్ వయసు మళ్లాక తన దాచుకున్న సొమ్ముతో, తన కితాబులతో, ఒంటరిగా, ఇజ్జత్‌తో బతుకుతుంది. తన దాస్తాన్ తానే చెప్తుంది, మధ్యమధ్య చమత్కరిస్తుంది, చెప్పకూడదనుకున్నది దాచుకుంటుంది. 1899లో ఒక ఉర్దూ రచయిత ఇచ్చిన వృద్ధాప్యాన్ని 1981 సినిమా కూడా ఆమెకు ఇవ్వలేకపోయింది.

ఆ సినిమాలో కొఠా యజమాని ఖానమ్‌గా వేసింది షౌకత్ కైఫీ. హైదరాబాద్ బిడ్డ. 1947లో హైదరాబాద్‌లోనే కైఫీ ఆజ్మీ షాయరీ విని మనసిచ్చిన మనిషి. ఆ కైఫీ 'పాకీజా'కు పాట రాశాడు. వాళ్ల కూతురు షబానా రెండేళ్ల తర్వాత 'మండీ'లో రుక్మిణీ బాయి అయింది. ఒకే ఇంట్లో ముగ్గురు, మూడు కొఠాలు.

భువనగిరి పక్కన ఒక మండీ

1983 నాటి 'మండీ' తీసిన శ్యామ్ బెనెగల్ కూడా మన హైదరాబాద్ వాడే. షూటింగ్ భువనగిరిలో జరిగింది. అప్పటికి అది మా నల్గొండ జిల్లాయే. మూలం గులామ్ అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ'. ఊరి నడిబొడ్డున ఉన్న బజారు స్త్రీలను బయటికి పంపాలని మున్సిపాలిటీ తీర్మానిస్తుంది. వాళ్లు పోయి ఊరికి దూరంగా ఇళ్లు కట్టుకుంటారు. వాళ్ల వెనకే పూలవాడు, పాన్‌వాడు, టాంగావాడు, దర్జీ వస్తారు. చూస్తుండగానే అక్కడో ఊరు లేస్తుంది. చివరికి ఆ కొత్త ఊరి మున్సిపాలిటీ కూడా అదే తీర్మానం చెయ్యడానికి కూర్చుంటుంది.

'మండీ'లో శీష్ మహల్ లేదు. కిరాయి గొడవ, నీళ్ల గొడవ, భూమి ధర పెరగగానే నీతి గుర్తొచ్చే పెద్దమనుషులు ఉన్నారు. దక్కనీ మాట ఉంది, మన మఖ్దూమ్ గజల్ ఉంది. స్మితా పాటిల్ వేసిన జీనత్ ఉంది, పాటే తప్ప మరో పేషా వద్దనుకునే పిల్ల. నవ్విస్తూనే సూటిగా అడుగుతుంది ఈ సినిమా: వీళ్లను గలీజ్ అన్నవాళ్లకు కావలసింది శుభ్రతా, జాగానా? మా అమ్మాయికి నాలుగు సినిమాల్లో ఇదే ఎక్కువ నచ్చింది. "ఇందులో ఎవ్వరూ వాళ్లను పవిత్రం చెయ్యాలని చూడలేదు అబ్బా" అంది.

తెలుగులోనూ ఇదే కిస్సా

ఇది ముస్లింల ఒక్కరి కథ అనుకోవద్దు. తవాయిఫ్‌లలో హిందువులూ ఉన్నారు, తెలుగునాట కళావంతులకూ ఇదే గతి పట్టింది. 18వ శతాబ్దంలో తంజావూరు దర్బారులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. ఒక వేశ్య ఇలా రాయడమా అని వీరేశలింగం గారు ఈసడించారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ, ఆమె కూడా దేవదాసీ పరంపర నుంచే వచ్చింది, ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించింది. మరుసటి ఏడు ఇంగ్లీషు సర్కారు దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పూనుకుంటే గానీ నిషేధం తొలగలేదు. ఇక సినిమాకొస్తే, 1980 నాటి 'శంకరాభరణం'లో తులసిది కూడా ఇలాంటి పుట్టుకే. ఎంత గొప్ప పాత్ర! అయినా చివరికి ఆమె గురువు పాదాల దగ్గర ప్రాణం వదలవలసిందే. సాహిబ్‌జాన్‌కు పల్లకీ, తులసికి పాదాలు. సొంత ఇల్లు మాత్రం ఎవరికీ లేదు.

మౌలాలి గుట్ట కింద

పోయిన ఆదివారం మేమిద్దరం మౌలాలి వెళ్లాం. గుట్ట కింద, ఒక ప్రహరీ లోపల మహలఖా బాయి చందా మజార్ ఉంది. 1768లో పుట్టి 1824లో పోయింది. తల్లి రాజ్ కున్వర్ సమాధి ఆమే కట్టించింది, తానూ ఆ పక్కనే నిద్రపోతోంది. ఆమె హైదరాబాద్ దర్బార్‌లో నర్తకి, గాయని. నిజాం అలీ ఖాన్ దండయాత్రలకు వెళ్తే గుర్రమెక్కి వెంట వెళ్లిన మనిషి. జాగీర్లు ఉన్నాయి, సొంత కుతుబ్‌ఖానా ఉంది. దక్కన్ తారీఖ్ ఒకటి తానే డబ్బిచ్చి రాయించింది. ఉర్దూలో సొంత గజళ్ల దీవాన్ ఉన్న తొలి స్త్రీలలో ఆమె ఒకతె. అందులో 125 గజళ్లు, ఒక్కొక్కటి ఐదు షేర్లు. 1799లో జాన్ మాల్కమ్ అనే ఇంగ్లీషు అధికారికి ఒక మహఫిల్‌లో దాని ప్రతి కానుకగా ఇచ్చింది. అది ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఏ సలీమూ వచ్చి ఆమెకు పాకీజా అని పేరు పెట్టలేదు. పేరు, మజార్, కితాబు మూడూ ఆమె తనకు తానే సంపాదించుకుంది. నాట్యం మీద ఇన్ని సినిమాలు తీసిన బొంబాయి, హైదరాబాద్ ఈమె మీద ఒక్క గొప్ప సినిమా తియ్యలేదు. ఎందుకంటే ఆమెను కాపాడడానికి ఎవరూ రావలసిన అవసరం లేదు. కాపాడే హీరో లేని తవాయిఫ్ కథ సినిమాకు చేతకాలేదు.

నానీమా గుర్తొచ్చింది. ఆమె టీవీ కట్టేసింది బద్‌నామీకి భయపడి. పాట పాడుకుంది అందులో తన భాష ఉంది గనక. ఉర్దూ మన ఊళ్లలో దుకాణాల బోర్డుల మీద నుంచి, ఆఫీసు కాగితాల మీద నుంచి జారిపోతున్న రోజుల్లో, దాన్ని ఇంత అందంగా దాచిపెట్టింది ఈ సినిమాలే. ఆ ఇహ్‌సాన్ మరచిపోలేను. కానీ దాచినప్పుడు వాళ్లు దాన్ని కొఠాలో దాచారు. అందుకే ఆ మేడమ్‌కు ఉర్దూ అంటే స్కూల్ టీచరైన మా అమ్మీ గుర్తుకు రాదు, బీడీలు చుడుతూ ఉత్తరాలు రాయించుకున్న మా ఖాలా గుర్తుకు రాదు. గుర్తుకొచ్చే తవాయిఫ్ కూడా సగం తవాయిఫే.

తిరిగొస్తుంటే బస్సులో అడిగాను, "మరి వార్షికోత్సవానికి ఏం చేస్తావు బేటా?"

"ఇంకా అనుకోలేదు అబ్బా. డాన్స్ చేస్తే మాత్రం ముందు రెండు నిమిషాలు మైక్ అడుగుతా. చందా బీబీ ఎవరో చెప్పి, ఆ తర్వాత ఘుంగ్రూ కడతా."

చెయ్యాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మీ ఇళ్లలో కూడా ఈ సినిమాలు వస్తే టీవీ కట్టెయ్యకండి. పిల్లలతో కలిసి చూడండి. చూశాక, ఆ ఆడే ఆమెకు రాయడం కూడా వచ్చని చెప్పండి.